పైకప్పు ముందు ఎవరికి?

లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియాన్ని పై అంతస్తు నుంచి కిందికి దిగుతూ చూడాలి. కోవెంట్ గార్డెన్‌లో 1871లో కట్టిన పూల మార్కెట్ భవనం అది. ఇనుప స్తంభాలు, పైన గాజు కప్పు. 1980లో మ్యూజియం అక్కడికి చేరింది. లిఫ్టెక్కి పైకి వెళ్తే పందొమ్మిదో శతాబ్దం, దిగుతుంటే మన కాలం. మేం వెళ్లిన రోజు బయట ఒకటే వాన. అందుకేనేమో, కనిపించిన ప్రతి బండి ముందూ నాకు ఒకే ప్రశ్న వచ్చింది: దీంట్లో తడిసేదెవరు?

జార్జ్ షిల్లిబీర్ 1829 జులైలో లండన్‌లోనే పాడింగ్టన్ నుంచి బ్యాంక్ అనే ప్రాంతం దాకా నడిపిన గుర్రపు బస్సుతో మొదలవుతుంది ఆ వరస. అక్కడున్నది అసలుది కాదు, నూరేళ్ల పండగకు 1929లో చేయించిన నకలు. మూడు గుర్రాలు పక్కపక్కన లాగేవి. ప్రయాణికులంతా లోపలే, ఎదురెదురు బల్లల మీద. తోలేవాడు ముందు, కండక్టరు వెనక, ఇద్దరూ ఆరుబయటే. ఛార్జీ ఒక షిల్లింగు, అంటే కూలీనాలీ చేసుకునేవాళ్లు ఎక్కే బండి కాదు. పాపం షిల్లిబీర్ దీంతో దివాలా తీశాడు, తర్వాత శవయాత్ర బళ్ల వ్యాపారంలోకి దిగాడు.

ఆ పక్కన ఉన్నవి మేడ కట్టిన గుర్రపు బస్సులు. బస్సుల మధ్య పోటీ పెరిగేసరికి కప్పు మీద కూడా జనాన్ని ఎక్కించారు. నడుమ ఒక పొడవాటి బల్ల, దాని మీద వీపులు ఆనించుకుని రెండు వరసలు. ఎక్కడానికి నిచ్చెనలాంటి మెట్లు. లంగాలు కట్టుకున్న ఆడవాళ్లు వాటిని ఎక్కడం ఎలా కుదురుతుంది? 1880ల నుంచి వంపు తిరిగిన మెట్లు, ముందుకు తిరిగిన సీట్లు వచ్చాకే పై అంతస్తు వాళ్లకూ అందింది. గొడుగు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి!

ఎక్కువసేపు నిలబడిపోయింది కింద, బి-టైప్ మోటారు బస్సు దగ్గర. ఫ్రాంక్ సర్ల్ రూపకల్పన, 1910లో రోడ్డెక్కింది. పెద్ద ఎత్తున తయారైన తొలి బస్సుల్లో దీన్ని చెబుతారు. గట్టి రబ్బరు టైర్లు, లోపల 16 మంది, పైన 18 మంది. ఇది వచ్చాక ఏడాది తిరగ్గానే, 1911లో, దీన్ని నడిపిన లండన్ జనరల్ కంపెనీ తన గుర్రపు బస్సులన్నింటినీ ఆపేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇలాంటివి దాదాపు 900 సైనికుల్ని మోయడానికి వెళ్లాయి. కిటికీలకు చెక్కలు కొట్టి, ఖాకీ రంగు పూశారు.

"అత్తా, దీనికి ముందు అద్దమేదీ?" అంది నా మేనకోడలు.

నిజమే, లేదు. స్టీరింగు ఉంది, సీటు ఉంది, డ్రైవరు మొహానికి అడ్డంగా ఏమీ లేదు. గుర్రాల్ని తీసేసి ఇంజను పెట్టారు కానీ, తోలేవాడి చోటు మాత్రం జట్కావాడిదే. అప్పట్లో లండన్ బస్సుల అనుమతులు పోలీసుల చేతిలో ఉండేవి. మేడ మీద కప్పు వేస్తే బరువు పైకెక్కి బస్సు దొర్లిపోతుందని వాళ్ల భయం. ఛాసిస్‌ను, అంటే బస్సు అడుగు చట్రాన్ని, కిందికి దించిన ఎన్‌ఎస్ రకం బస్సు వచ్చాక, 1925లో గానీ దానికి ఒప్పుకోలేదు. డ్రైవరు ముందు అద్దానికి అనుమతి అంతకంటే ఆలస్యం, ఇంకో నాలుగైదేళ్లు పట్టింది. ముందు లోపలివాళ్లు, తర్వాత పైవాళ్లు, ఆఖరున బండి నడిపేవాడు. ఆ క్రమం నాకు అస్సలు నచ్చలేదు.

ట్రాలీబస్సు అందంగా ఉంది, 70 సీట్లు. పైన రెండు తీగల నుంచి కరెంటు తీసుకుంటుంది. బస్సు మీది కడ్డీ ఆ తీగ నుంచి జారిపోతే మళ్లీ తగిలించడానికి బస్సు అడుగున ఒక పొడవాటి వెదురు గడ దాచేవారట. అంత ఆధునికమైన బండికి వెదురు గడ! 1962 మే 8తో వీటి పని అయిపోయింది.

వాటి స్థానంలోకి తెచ్చిందే రూట్‌మాస్టర్. అల్యూమినియం ఒళ్లు, విడిగా ఛాసిస్ లేదు, పవర్ స్టీరింగు, హీటరు. 1956లో జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టి, 2005 డిసెంబరు దాకా మామూలు రూట్లలో తిరిగింది. ఇందులో డ్రైవరుకు నాలుగు వైపులా మూసిన గది ఉంది. మరి కండక్టరు? వెనకాల తలుపు లేని ఫుట్‌బోర్డు దగ్గర, మెట్ల కింద, ఒక మనిషి నిలబడేంత గూడు ఉంది. ఎక్కేవాళ్లకు అడ్డం రాకుండా కండక్టరు కోసమే కేటాయించిన చోటు. అతనికి తలుపు వచ్చే సరికి కండక్టరే లేకుండా పోయాడు. డ్రైవరే టిక్కెట్లు కొట్టే బస్సులు వచ్చేశాయి.

ఇవి చాలనివాళ్లకు లండన్‌లోనే ఆక్టన్‌లో ఈ మ్యూజియం వాళ్లదే పెద్ద డిపో ఉంది, ప్రదర్శనలో పట్టని బళ్లన్నీ అక్కడే. అన్ని రోజులూ తెరవరు, తేదీలు చూసుకుని వెళ్లాలి.