కాలవ గట్టు మీద తీతువు గూడు దక్కింది: నా అనుభవం

దాళ్వా (రెండో పంట వరి) కోతలు తెమిలాక మన డెల్టాలో కాలవలకు నీళ్లు కట్టేస్తారు. జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేలోపు పూడికతీత, గట్ల పని అయిపోవాలి. తీతువు పిట్ట గుడ్లు పెట్టేదీ ఆ ఎండల్లోనే. మా తూము దగ్గర గట్టు మీది గ్రావెల్లో నాలుగు గుడ్లున్నాయి. ప్రొక్లెయిన్ అటే వస్తోంది.

గూడు పట్టుకోవడం కష్టం కాదు. పిట్ట లేచి అరిచిన చోట వెతక్కండి. మనిషి అలికిడి తగలగానే అది గుడ్ల మీంచి దిగి, చప్పుడు చేయకుండా కొంత దూరం నడిచి, అప్పుడు అరుస్తుంది. దూరంగా కూర్చుని, మళ్లీ ఎక్కడికొచ్చి కూర్చుంటుందో చూడాలి. పుల్లలు, గడ్డి ఏమీ ఉండవు. చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, అంతే.

అసలు నరకమంతా ఆఫీసుల్లోనే. పని చూసే ఆఫీసుకెళ్తే పిట్టలు అటవీశాఖవన్నారు. అక్కడికెళ్తే గట్టు మాది కాదన్నారు. మళ్లీ మొదటి చోటికే వస్తే, రైతులందరి ముందూ నిలబెట్టి, "పొద్దున్నే తీతువు మాటెత్తావా? ఆ గుడ్లు పట్టుకెళ్లి మీ కోడి కింద పెట్టుకో" అన్నాడొక పెద్దమనిషి. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఎండ మండేవేళ ఈ పిట్ట మడుగులో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఆడా మగా వంతులేసుకుని 28 రోజుల దాకా పొదుగుతాయి. కుక్క వస్తే దాని తల మీదికే దూకుతాయి. అలాంటి పిట్ట అరుపును చావు కబురంటారు మనవాళ్లు! పిల్లల కోసం అది అంత పెద్ద మిషను ముందు రెక్కలు విప్పి నిలబడుతుంటే, ఒక మాట పడ్డానని నేను వెనక్కి తగ్గుతానా?

మీకూ ఈ అవసరం పడితే నోటిమాటతో వెళ్లకండి. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద అందినట్టు ఆఫీసు ముద్ర వేయించుకోండి. 1972 వన్యప్రాణి చట్టంలో 'వేట' కిందికే పెంపుడువి కాని పక్షుల గుడ్లు పాడుచేయడం, గూడు చెదరగొట్టడం కూడా వస్తాయి. ఆ సంగతి రాయండి. తూము కనబడేలా ఫొటో జతచేయండి. పని ఆపమనకండి, ఆ పది గజాలు ఆఖర్న చేయమనండి. ముద్ర పడిన కాగితం చూశాకే ఆ పెద్దమనిషి గొంతు మారింది. ఆయన కంటే ముందే ప్రొక్లెయిన్ డ్రైవరు పిట్టను చూసి, ఎవరూ చెప్పకుండానే బకెట్టు పక్కకు తిప్పాడు. దణ్ణం పెట్టాల్సింది ఆ డ్రైవరుకే.

గుడ్లు మాత్రం కదపొద్దు. పక్క చేలో పెడితే పిట్ట వెతుక్కుంటూ రాదు. గుర్తుకర్రలు గూటికి బాగా ఎడంగా, చల్లపూటే పాతండి. మిట్టమధ్యాహ్నం మీరక్కడ నిలబడితే పిట్ట గూటికి రాదు, గుడ్లు ఉడికిపోతాయి. నీడ కోసం తాటాకు కప్పొద్దు, దానికి నాలుగు దిక్కులూ కనబడాలి. దగ్గర్లో మడుగుంటే ఇంజను పెట్టి తోడనివ్వకండి.

పిల్లలు దిగాక కర్రలతో పని లేదు. ఒళ్లు ఆరగానే గూడు వదిలి తిరుగుతాయి, తిండి అవే ఏరుకుంటాయి. తల్లి అరిస్తే నేలకు కరుచుకుంటాయి. అప్పుడు అటు అడుగేయకండి, కుక్కల్ని కట్టేయండి.

మా గూట్లో మూడు దిగాయి. ఆ పది గజాల పనీ నీళ్లు వదిలేలోపే పూర్తయింది.