భీమిలి దాకా ఓసారి

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చేశాం. తాళాలు బిల్డరు చేతికిచ్చేలోగా రుబ్బురోలు నుంచి దేవుడి మందసం దాకా ప్రతిదానికీ ఎక్కడో చోట ఇంత జాగా దొరికింది. నాన్న కారుకే దొరకలేదు. రేపు కట్టబోయే ఫ్లాట్లలో తలా ఒక్క పార్కింగే. అమ్మేద్దామని అన్నయ్య, వద్దని నేను. హైదరాబాద్‌లో కూర్చుని వద్దనడం ఎంతసేపు! వాడు మాత్రం వారం వారం దాని టార్పాలిన్ దులుపుతున్నాడు. చివరికి, "నువ్వే వచ్చి ఓసారి భీమిలి దాకా నడిపి చూడు, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

మేమంతా ఫియట్ అనే పిలుస్తాం గానీ, ఆర్సీలో ఉన్నది ప్రీమియర్ ప్రెసిడెంట్, 1973 మోడలు. ఫియట్‌తో లైసెన్సు ఒప్పందం ముగిశాక బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ అదే 1100 కారుని కొన్నాళ్లు ఆ పేరుతో అమ్మింది. తర్వాత అదే పద్మిని అయింది. కొత్తది బుక్ చేస్తే ఏళ్లకేళ్లు ఎదురుచూడాల్సిన రోజులవి. నాన్న పోర్టు ఉద్యోగి, అంత ఓపికా లేదు, అంత డబ్బూ లేదు. ఓ డాక్టరుగారు వాడి వదిలేసిన బండిని కొన్నారు. నాన్న పోయాక ఫారం 31 పెట్టి బండి అమ్మ పేరుకి మార్పించాం కాబట్టి, అమ్మినా ఉంచినా సంతకం అమ్మదే.

బయల్దేరే ముందురోజు కంచరపాలెంలో నాన్నకి అలవాటైన మేస్త్రి దగ్గరకి తీసుకెళ్లాం. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. బానెట్ ఎత్తి చెవి పెట్టి విని, "ఇంజనుకేటమ్మా, బంగారం" అన్నాడు. తర్వాత కింద కూర్చుని, డోరు కింద బాడీ పట్టీని స్క్రూడ్రైవర్‌తో అలా నొక్కాడు. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే గోధుమరంగు పొరలు చేతిలో పొడైపోయాయి. వెనక సీటు కింద ఫ్లోరు రేకుదీ అదే కథ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీద పడినప్పుడు షెడ్డు రేకు లేచొచ్చి డిక్కీ మీద పడింది. ఆ సొట్టని నాన్న బాగుచేయించలేదు. పెయింటు పగిలిన చోట మొదలైన తుప్పు ఇప్పుడు డిక్కీ అంచంతా పాకింది.

"ఇదంతా గాలి తినీసిందమ్మా. కవరు కప్పీసి ఒగ్గీసినారు, లోపల చెమ్మ ఉండిపోనాది. రోజూ తిప్పే బండైతే ఇలగవ్వదు."

టింకరింగుకి ఎంతవుతుందని అడిగితే అంకె చెప్పలేదు. రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాలంటే ఆ పని తెలిసిన కుర్రాళ్లు ఇప్పుడు తన దగ్గర లేరన్నాడు. నాకు ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. డబ్బు ఎలాగో సర్దుకోవచ్చు, మేస్త్రిని ఎక్కణ్ణుంచి తెస్తాం?

మే నెల. ఎండ ముదరకముందే బయల్దేరాం. ముందు సీటు బెంచీ కాబట్టి అన్నయ్య, నేను అందులో, అమ్మ వెనకాల. గేరు కర్ర స్టీరింగు పక్కన, ఎడమచేతి కింద. ఫస్ట్ గేరుకి సింక్రో, అంటే గేరు పళ్లని సాఫీగా కలిపే ఏర్పాటు, లేదు. కదులుతున్న బండిని ఫస్ట్‌లోకి దించాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి డబుల్ క్లచ్ కొట్టాల్సిందే. నాలుగూ డ్రమ్ బ్రేకులే. ముందున్న ఆటో ఆగుతుందేమోనని అనుమానం వస్తేనే కాలు పెడల్ మీదకి పోవాలి. అప్పూఘర్ దాటేదాకా నా చేతులు వణికాయి, ఆ తర్వాత బండే నాకు నేర్పింది. కిటికీ ముందు మూలనున్న చిన్న అద్దం, క్వార్టర్ గ్లాసు వంచితే సముద్రం గాలి నేరుగా మొహానికే కొడుతుంది. ఏ కొత్త కారులోనూ ఆ గాలి రాదు.

తెన్నేటి పార్కు దగ్గర అన్నయ్య కిందికి చూపించాడు. 2020 అక్టోబరులో వాయుగుండం దెబ్బకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ సరుకు ఓడ 'ఎం.వి. మా' ఈ రాళ్లలోనే ఇరుక్కుంది. ఊరంతా ఫోటోలు దిగింది. నెలలు గడిచేకొద్దీ ఆ ఓడ ఎలా తుప్పెక్కిందో చూసినవాళ్లకి మా మేస్త్రి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు.

సాగర్‌నగర్ దాటాక కొనేవాళ్ల సంగతి ఎత్తాడు. ఇద్దరు. ఒకాయన బెంగళూరులో పాత కార్లు సేకరిస్తాడు. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపు చెడని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, పాత నంబరు పోదు. మన బండికి ఆ వయసు వచ్చింది కదా, ముందు ఆ పని మనమే చేయించి పెడితే మంచి రేటిస్తానంటున్నాడు.

"అయితే మంచిదేగా, ఉంచుకున్నా అలాగే చేయిద్దాం" అన్నాను.

"చేయించాక ఇలా భీమిలి రాకూడదు మరి. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, రిపేరు. వీటికే రోడ్డెక్కాలి. రోజువారీ తిరుగుడు కుదరదు."

అంటే గౌరవం ఇచ్చి గదిలో కూర్చోబెట్టడం. రిటైరైన పెద్దాయనకి శాలువా కప్పడం లాంటిదే. నిబంధన పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ నడిపితేనే బతికే వస్తువుకి అది సరిపడదని నాకనిపించింది.

రెండో ఆయనది సాలూరు. సాలూరంటే లారీలు. ఈయనకీ లారీలున్నాయి, షెడ్డుంది, రేకు కోసే మనుషులున్నారు. ముప్పై వేలు తక్కువిస్తానన్నాడు గానీ, ఉన్నది ఉన్నట్టు తీసుకుంటాడు. రాష్ట్రంలోనే కాబట్టి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) గొడవ కూడా లేదు, ఫారం 29, 30 మీద సంతకాలతో అయిపోతుంది.

రుషికొండ దాటాక తొట్లకొండ పైకి ఎక్కిద్దామన్నాను. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్లే ఆ కొండకి ఆ పేరు, పైన బౌద్ధారామం శిథిలాలున్నాయి. చిన్నప్పుడు నాన్న మమ్మల్ని తెచ్చేవారు. సగం ఎక్కాక మలుపులో ఇంజను దగ్గింది, ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. పెట్రోలు పంపు వేడెక్కి ఆవిరి పట్టిందని అన్నయ్యకి చూడకుండానే తెలుసు. చక్రాల కింద రాళ్లు పెట్టాం. పంపుకి తడిగుడ్డ చుట్టి పైనుంచి కాసిని నీళ్లు పోశాడు, చుయ్‌మంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్, పంపులోని పాత రబ్బరు పొర, డయాఫ్రం, దానికి ఎన్నాళ్లో ఆగదని మేస్త్రి ముందే చెప్పాడు.

"అమ్మా, కాస్త దిగితే బండి తేలికవుతుంది" అన్నాడు అన్నయ్య.

"దిగను. నలభై ఏళ్లు దిగాను" అంది అమ్మ, వెనక సీట్లోంచి కదలకుండా.

అప్పుడు మొదలుపెట్టింది. సింహాచలం ఘాటీలో పట్టుచీర కుచ్చెళ్లు దోపుకుని నెట్టడం, నన్ను చంకనేసుకుని పెందుర్తిలో మెకానిక్ కోసం నిలబడటం, అన్నవరం వెళ్తే వ్రతం వేళకి చేరకపోవడం. "స్టీరింగు ఆయనది, నెట్టుడు నాది. మీరిద్దరూ వెనకద్దంలోంచి నవ్వేవారు. మీకు అదంతా సరదాగా గుర్తుంది." కోపంగా అనలేదు, లెక్క చెబుతున్నట్టు చెప్పింది. ఆ కారు మా ఇంటి జ్ఞాపకమని ఇన్నాళ్లూ ఫోన్లో వాదించాను. ఒకే కారులో అన్నేళ్లు తిరిగినా, లోపల కూర్చున్నవాళ్ల జ్ఞాపకం వేరు, నెట్టినవాళ్లది వేరు.

గుడ్డ తడి ఆరేలోగా బండి స్టార్టయింది. కొండ మీద పావుగంట తిరిగి దిగొచ్చాం. మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు ఆగకుండానే దాటేశాం.

భీమిలి నాకెప్పుడూ విశాఖకి తాతగారిలా కాదు, తన పని తాను చూసుకునే ఊరులా కనిపిస్తుంది. 1861లోనే మునిసిపాలిటీ అయింది, డచ్చివాళ్ల సమాధులున్నాయి, గోస్తనీ సముద్రంలో కలుస్తుంది, ఇవేవీ పట్టనట్టు చేపలు అమ్ముతుంటుంది. ఇడ్లీ తిన్నాం, ముంజలు కొన్నాం. మేం తినేసరికి కారు చుట్టూ నలుగురు చేరారు. ఒక పెద్దాయన బానెట్ నిమిరి, "అమ్ముతారేటి?" అన్నాడు. మేం నోరు తెరిచేలోగా అమ్మ, "అమ్మేశామండీ, సాలూరు వాళ్లకి" అంది.

అన్నయ్య నా వైపు చూశాడు. "బెంగళూరాయన ఎక్కువిస్తున్నాడే" అన్నాను, ఉంచుకుందామన్న మాట నాకే నోట్లోంచి రాలేదు.

"ఆ వింటేజీ కాగితాల కోసం ఎవరు తిరుగుతారు? నువ్వు హైదరాబాద్ పోతావు, వీడికి సెలవు దొరకదు. సాలూరులో ఉప్పుగాలి లేదు, ఆగిపోతే నెట్టడానికి లారీ కుర్రాళ్లున్నారు."

తిరుగు ప్రయాణంలో బండి ఒక్కసారి కూడా ఆగలేదు. అన్నయ్యకి అది కాస్త బాధగానే ఉంది.

మర్నాడు సాలూరాయన వచ్చాడు. కింద పడుకుని తుప్పంతా చూశాడు, మొహం మార్చలేదు. అడ్వాన్సు ఇచ్చాక, షెడ్డు గూట్లో ఉన్న బిస్కెట్ల డబ్బా మీద కన్నుపడింది. నాన్న ఏళ్లతరబడి దాచిన స్పేర్లు అందులో ఉన్నాయి. కాంటాక్ట్ పాయింట్లు, కండెన్సర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత, ఇంకా సీలు విప్పని పంపు డయాఫ్రం. ఒక్కోదానికీ ఆయన రాతలో తేదీ, ధర ఉన్న చీటీ.

"ఇవి కూడా బండితోపాటే కదమ్మా?"

"బండి రేటు బండిదే బాబూ. డబ్బా రేటు వేరే" అంది అమ్మ.

ఆయన నవ్వి, కుర్చీ లాక్కుని మళ్లీ కూర్చున్నాడు. ముప్పై వేల తేడాలో పద్దెనిమిది ఆ డబ్బాకే వచ్చాయి.