నాయన లెన్సు, రెండు కొత్త కెమెరాలు

నల్గొండ ప్రకాశం బజారులోని కెమెరా దుకాణం నుండి ఇంటికి వచ్చి నాలుగు గంటలు గడిచినా, దుకాణం అబ్బాయి అన్న మాట చెవుల్లోంచి పోవడం లేదు. నాయన లెన్సును రెండు వేళ్లతో పట్టుకుని, మూత కూడా తీయకుండా అటూ ఇటూ తిప్పి, "ఇది ఇగ నడవది సార్, షోకేసుల వెట్టుకోండ్రి" అన్నాడు. మా చిన్నమ్మాయి ఆ మాట విని నా ముఖం వైపు చూసింది. నేనేమీ అనలేదు. అనవలసింది. అందరూ పడుకున్న తరువాత ఇలా కూర్చుని రాయడానికి అదే కారణం.

నాయన లెన్సు పట్టే కొత్త కెమెరా ఒకటి కొనాలని దసరా నుండి అంటున్నాను. దానికి ఇంట్లో ఎవరు ఏమంటారో ఆ సంగతి వదిలేస్తాను. బామ్మర్ది మాత్రం మొన్న కూడా ఫోన్ చేసి, ఇప్పుడందరూ అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరాల వైపు పోతుంటే నీవు వెనక్కి నడుస్తున్నావని మందలించాడు. నాకు కావలసింది ఆ అద్దమే. అద్దం మీద పడి పైకి వచ్చిన అసలు వెలుగును కంటితో చూడాలి కాని, దాని బొమ్మను చిన్న తెర మీద చూడాలని లేదు. చేతిలో ఉన్న డబ్బుకు చివరికి మిగిలినవి రెండు: కానన్ 1500డి, నికాన్ డి3500. రెండూ 2018లో వచ్చినవే.

దుకాణంలో జరిగింది చెప్పాలి. ఒకదానిలో 24.1 మెగాపిక్సెళ్లు, మరొకదానిలో 24.2 అని, ఆ పదో వంతు మెగాపిక్సెల్ తేడా మీద ఆ అబ్బాయి పావుగంట మాట్లాడాడు. గోడంత పెద్దగా అచ్చు వేసినా ఆ తేడా ఏ కంటికీ కనబడదు. నేనడిగింది చీకట్లో ఎలా ఉంటుందని. దానికి సమాధానంగా సంచి ఉచితమని, కార్డు ఉచితమని చెప్పాడు. నా కార్డు వేసి నాలుగు ఫోటోలు తీసుకుంటానంటే బిల్లు అయిన తరువాతనే అన్నాడు. బ్యాటరీ గురించి అడిగితే రెండూ ఒకటే అన్నాడు. రెండూ ఒకటి కావు. ఒకే పద్ధతిలో కొలిచిన లెక్కలో కానన్‌ది సుమారు 500 ఫోటోలు, నికాన్‌ది 1550. ఆ మాట నేనే చెప్పవలసి వచ్చింది. చెబితే, పవర్ బ్యాంకు పెట్టుకోండి సార్ అన్నాడు. ఈ రెండింటిలో ఏదీ తీగ పెడితే ఛార్జ్ అయ్యేది కాదు, బ్యాటరీని బయటికి తీసి దాని ఛార్జరులో పెట్టవలసిందే. ముప్పై వేలు దాటిన వస్తువును అమ్మే మనిషి దాన్ని ఒక్కసారైనా ఇంటికి తీసుకుపోయి వాడి చూడకపోవడం నాకు కోపం తెప్పించింది. ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

అయితే కోపానికి అసలు మూలం షోకేసు అన్న మాట. నాయన ఆ లెన్సుతో జిల్లా అంతా పెండ్లిళ్లు తీశాడు. 50 మిల్లీమీటర్ల నికాన్ లెన్సు, 1.8 వరకు తెరుచుకుంటుంది; ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. కెమెరా కూడా నికాన్‌దే, ఎఫ్‌ఎం2. అందులో వెలుగును కొలిచే మీటరుకు తప్ప దేనికీ సెల్లు అవసరం లేదు. సెల్లు అయిపోయినా షట్టరు తన పని తాను చేసుకుపోతుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా పానగల్లులో ఒక పెండ్లి తీసి, రీలులో చివరి ఫోటో ఒక్కటి మిగిలితే, నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోయాడు. పొద్దు ఎటు తిరిగినా లింగం వెనుక కదలకుండా నిలిచే ఆ స్తంభం నీడను నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. చూసి భయపడ్డాను. నాయన తన భుజం మీది తువ్వాలను నాలుగు మడతలు వేసి గడప రాతి మీద పరిచి, దాని మీద కెమెరాను ఆనించాడు. స్టాండు లేదు. మీటరు వైపు చూడలేదు. అరచేయి చాపి, నీడ పడుతున్న చోట ఒకసారి, మండపంలో ఒకసారి తిప్పి చూసుకున్నాడు. తరువాత షట్టరు తెరిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఎనిమిది చాలుననుకున్నా, అంత చీకట్లో ఫిలిం మొండికేసి వెలుగును త్వరగా పట్టదని పన్నెండు వరకు పోయాడు. "ఊపిరి బిగవట్టుర" అన్నాడు నాతో. కెమెరాను ముట్టుకున్నది ఆయన, ఊపిరి బిగపట్టింది నేను. పన్నెండు అంకెలు అంత పొడుగ్గా ఉంటాయని అప్పుడే తెలిసింది. ఆ ఫోటోలో నీడ అంచు మెత్తగా, గోడ మీద తడి ఆరుతున్నట్టుగా వచ్చింది. అది ఇప్పుడు కూడా హాల్లో గడియారం కింద ఉంది.

కనుక నికానే కొనాలని నేను ముందే నిశ్చయించుకున్నాను. లెన్సు బిగించే చుట్టు 1959 నుండి నికాన్ అద్దం కెమెరాలలో అదే. నాయన లెన్సు కొత్త కెమెరాకు అలాగే పడుతుంది. కానన్ 1987లో తన చుట్టునే మార్చుకుంది.

భోజనం అయిన తరువాత వివరాల పుస్తకాన్ని మొదటి నుండి చదివితే నా నిశ్చయం కదిలిపోయింది. డి3500కు పాత లెన్సు బిగుస్తుంది గాని, బిగించిన తరువాత కెమెరా వెలుగును కొలవదు. కెమెరా పైనున్న చక్రాన్ని ఎం (మాన్యువల్, అంటే అన్నీ మనమే కుదుర్చుకోవడం) దగ్గర ఉంచితేనే షట్టరు పడుతుంది. అదే లెన్సును ఒక లోహపు రింగు మధ్యలో పెట్టి కానన్‌కు తగిలిస్తే, కానన్ వెలుగును కొలుస్తుంది! కానన్‌లో లెన్సు అంచుకూ, ఫిలిం స్థానంలో వెలుగును పట్టే సెన్సారుకూ మధ్య దూరం 44 మిల్లీమీటర్లు, నికాన్‌లో 46.5. ఆ రెండున్నర మిల్లీమీటర్ల సందులోనే రింగు ఇమిడిపోతుంది. సొంత ఇంట్లో పలకరింపు లేని మనిషికి పొరుగింట్లో పీట వేసినట్టు అనిపించింది. పది గంటలకు నేను కానన్ వైపు మారిపోయాను, నాయనకు ద్రోహం చేస్తున్నానని బాధపడుతూనే.

నీళ్లు తాగడానికి లేచినప్పుడు హాల్లో ఆ ఫోటో ముందు నిలబడ్డాను. కొలిచే మీటరు ఉండి కూడా నాయన దాన్ని చూడలేదు గదా. మరి కెమెరా కొలవదని నేను ఎందుకు ఇంత దిగులు పడుతున్నాను? నాయన ఫోటో ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి రీలు కడిగేదాకా ఆగవలసి వచ్చేది. నేను తీసిన మరుక్షణం వెనుక తెర మీద చూసి, ఎక్కువైతే తగ్గించి మళ్లీ తీయవచ్చు. ఎం అనే గుర్తు దగ్గర చక్రాన్ని ఉంచడం నాకు శిక్ష కాదు, ఆయన అలవాటు. పైగా నికాన్‌లో పాత లెన్సును చేత్తో తిప్పి ఫోకస్ కుదిర్చినప్పుడు, వ్యూఫైండరులో ఒక పచ్చని చుక్క వెలుగుతుంది. ఉత్త లోహపు రింగుతో కానన్ ఆ మాట చెప్పదు. కండ్లద్దాలు వచ్చిన నాకు ఆ చుక్క చాలా అవసరం.

ఇక చీకటి సంగతి. కెమెరాతో వచ్చే 18-55 లెన్సు 55 దగ్గర 5.6కు మించి తెరుచుకోదు. నాయన లెన్సు 1.8 దగ్గర దానికన్నా తొమ్మిది పది రెట్ల వెలుగును లోపలికి రానిస్తుంది. అయితే ఫిలిం కన్నా చిన్నదైన ఈ సెన్సారు మీద 50 కాస్తా 75 లాగా చూపిస్తుంది కాబట్టి, నాయన గడప దగ్గర నిలిపిన చోటు నుండి నేను మండపంలోకి నాలుగడుగులు వెనక్కి జరగవలసి ఉంటుంది. జరుగుతాను.

ఇప్పుడే లెన్సును బిస్కెట్ల డబ్బాలోంచి తీసి, టార్చి వెలుగును వెనుక నుండి పట్టి చూశాను. అద్దం అంచున బూజు పోగు ఒకటి, అర అంగుళం కూడా లేదు, సాలెగూడు తీగలా ఉంది. అబ్బాయి మూత తీసి చూసి ఉంటే ఇది కనబడేది, అప్పుడు అతనన్న మాటకు ఒక కారణమైనా ఉండేది. ఆదివారం హైదరాబాదుకు పోయి లెన్సు కడిగించి, డి3500 అక్కడే కొంటాను. చిన్నదాన్ని తోలుకపోతాను. మూత తీయడం, పెట్టడం దానికి అప్పుడే వచ్చేసింది.