ఎవరి దగ్గర దాస్తున్నారు?

నాలుగు నెలలు శనివారాలన్నీ ధారపోసి, స్పీకర్లూ బ్యాటరీ లోపలే దాచి చేసిన డబుల్ బాస్‌ను, అంటే మనిషంత ఎత్తుండే వయొలిన్ లాంటి వాయిద్యాన్ని, వర్క్‌షాపు గోడకు ఆనించి, నూనె గుడ్డతో చివరిసారి తుడుస్తున్నాను. వర్క్‌షాపు యజమాని వచ్చారు. డెబ్బై దాటిన వడ్రంగి, ఇక్కడ అందరికీ ఆయన మైస్టర్, అంటే పనిలో గురువు. వాయిద్యం చుట్టూ ఒకసారి తిరిగారు. వేలి కణుపుతో పొట్ట మీద రెండు చోట్ల తట్టారు. స్విచ్చి ఎక్కడ అని అడిగారు. తీగల అడుగున, వాటి కొసలు బిగించే టెయిల్‌పీస్ వెనక చెయ్యి పెట్టి చూడమన్నాను. టిక్కుమంది. లావు తీగ ఒకటి మీటితే కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. ఇక మెచ్చుకోవడమే తరువాయి అనుకుంటూ నేను చేతులు తుడుచుకుంటున్నాను.

"పని బాగుంది" అన్నారు. "ఇంతకీ దీన్ని ఎవరి దగ్గర దాస్తున్నారు?"

మొదటి రోజు నుంచీ ఆయన నన్ను 'మీరు' అనే అంటారు. అందువల్ల మాట మరీ సూటిగా తగిలింది. తిట్టి ఉంటే తుడిచేసుకునేవాడిని. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను, జర్మన్‌లో మాట దొరకలేదు. ఇంటికి వచ్చాక తెలుగులో వెతికినా దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఇక్కడ జర్మనీలో పంపుల కర్మాగారంలో విద్యుత్ మరమ్మతుల పని చేస్తాను. నాతో రాత్రి షిఫ్టులో ఉండే హంగేరీ మిత్రుడు డబుల్ బాస్ వాయిస్తాడు. అకార్డియన్ వాయించే సెర్బియా ఆయన ఒకరు, గిటారు అమ్మాయి ఒకరు, మొత్తం ముగ్గురు కలిసి సెలవు రోజుల్లో వీధుల్లో వాయిస్తారు. అకార్డియన్ మొదలుపెట్టిందంటే పక్కన బాస్ ఉన్న సంగతి దాన్ని వాయిస్తున్నవాడికి తప్ప ఎవరికీ తెలియదు. పోనీ ఆంప్లిఫయర్ తెచ్చుకుందామంటే పదికిలోల వాయిద్యం ఒక భుజాన, పెట్టె ఇంకో చేతిలో, బ్యాటరీ ఎక్కడో, ట్రాము మెట్లు ఎక్కేసరికి ప్రాణం పోయినంత పనవుతుంది. "నువ్వు కరెంటు వాడివి కదా" అన్నాడు ఒక రాత్రి. అంతే, తగులుకుంది.

గదిలో ఘనంగా మోగే వాయిద్యం వీధిలో ఎందుకు చచ్చిపోతుందో నాకు అప్పటికి తెలియదు. దాని అన్నిటికన్నా లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైమాట. వాయిద్యం పొట్ట చూస్తే మీటరుకు కాస్త ఎక్కువ. అంత పెద్ద అలను అంత చిన్న పెట్టె గట్టిగా తోయలేదు. గదిలో గోడలు సాయం చేస్తాయి, పై స్వరాల్ని బట్టి మన చెవి కూడా మూల స్వరాన్ని ఊహించుకుని సర్దుకుంటుంది. వీధిలో గోడల్లేవు, చెవికి తీరిక లేదు. స్పీకరు పెట్టినా ఇదే బాధ. స్వరం సగానికి దిగితే, అంతే గట్టిగా వినిపించడానికి స్పీకరు అట్ట నాలుగింతలు ముందుకూ వెనక్కూ ఆడాలి. చిన్న స్పీకర్లు బాస్ దగ్గర చేతులెత్తేసేది ఇందుకే.

మొదటి ప్రయత్నం ఘోరంగా పోయింది. బ్రిడ్జి పాదం కింద, అదే వీణవాళ్లు గుర్రం అంటారే, దాని కింద అదురును కరెంటుగా మార్చే పీజో బిళ్ల పెట్టి నేరుగా ఆంప్లిఫయర్ బోర్డుకు తగిలించాను. తగరపు డబ్బా మీద రబ్బరు బ్యాండు లాగినట్టు మోగింది. రోజూ కరెంటుతో బతికేవాడిని, ఈ చిన్న విషయం తట్టనందుకు సిగ్గుపడ్డాను. పీజో అనేది స్వభావానికి చిన్న కెపాసిటర్. దాని ముందు కొన్ని వేల ఓముల నిరోధం పెడితే కింది స్వరాలన్నీ అక్కడే ఇంకిపోతాయి. కనీసం పది లక్షల ఓములు, కోటి ఓములైతే మరీ మేలు. ఒక ఎఫ్‌ఈటీ ట్రాన్సిస్టరుతో పీజో మీద భారం పడకుండా చూసే గోరంత బఫర్ సర్క్యూట్ కట్టి మధ్యలో పెట్టాను. బాస్‌కు గొంతు వచ్చింది.

గొంతు రాగానే ఏడుపు మొదలుపెట్టింది. స్పీకర్లు బోలు పొట్టలోనే ఉన్నాయి, అవి మోగితే చెక్క అదురుతుంది, ఆ అదురు పీజోకు ఎక్కుతుంది, అది మళ్లీ స్పీకరుకు వెళుతుంది. వాల్యూమ్ సగం దాటగానే దూడను కట్టేసిన ఆవులా 'ఊఁ' అని మూలుగు. మూడు వారాలు దీనితోనే సరిపోయింది. చివరికి పొట్టను పొట్టగా వాడటం మానేశాను. మెడ నుంచి అడుగు దాకా ఒకే గట్టి కలప దూలం, తీగలూ బ్రిడ్జీ దాని మీదే. స్పీకర్లకు లోపల విడిగా మూసిన పెట్టె, దాన్ని రబ్బరు దిమ్మల మీద వేలాడదీశాను. బయట కనిపించే వంపుల పొట్ట ఉత్త తొడుగు. సెకనుకు 40 కంపనాల కన్నా కింద ఉన్న అదురునంతా కోసేసే ఫిల్టరు ఒకటి, ధ్వని దశను, అంటే అల మిట్టపల్లాలను, తిరగేసే మీట ఒకటి చేర్చాక మూలుగు ఆగింది.

బ్యాటరీ సంగతి త్వరగా తేలిపోయింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్, ఒక్కొక్కటి 3.2 వోల్టులు, 6 ఆంపియర్ అవర్లు. నాలుగు పెడితే నాలుగు ఓముల స్పీకరుకు 18 వాట్లకు మించి రాలేదు. ఆరు పెడితే 40 దాటింది. క్లాస్-డి ఆంప్లిఫయర్ కనుక వేడికి వృథా తక్కువ, రోజంతా వాయించినా ఇంకా మిగులుతుంది. చలికాలంలో మాత్రం ఇంటికి తేగానే చార్జింగ్ పెట్టకూడదు. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్న సెల్‌ను చార్జ్ చేస్తే పాడవుతుంది, గదిలో కాసేపు వెచ్చబడనివ్వాలి.

ఇక దాచడం. ఇంతసేపూ చెప్పిన దానిలో ఒక్కటీ బయటకు కనిపించదు. స్పీకర్లు ఎఫ్ ఆకారపు రంధ్రాల వెనక, నల్ల గుడ్డ చాటున. వాల్యూమ్ మర వేళ్ల పలక చివర, అడుగున. సెల్స్ కింద, బరువు నేలకు దగ్గరగా ఉండేలా. చార్జింగ్ రంధ్రం కాలి ఊచ పక్కన, చెక్క బిరడాతో. చూసిన వాళ్లు నూరేళ్ల నాటి వాయిద్యం అనుకోవాలి. మిత్రులెవరూ అలా చేయమని నన్ను అడగలేదు. వైరు బయటకు కనిపిస్తే నాకు పని పూర్తయినట్టే ఉండదు.

ఇదే మైస్టర్‌కు చెప్పలేకపోయాను. పని నేర్పిన మా మేస్త్రీ, గోడ మీద వైరు జానెడు కనిపిస్తే "ఏమిటీ పేగులు?" అనేవాడు. కప్పడం మనకు మర్యాద. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే ఇంట్లో ఎన్ని వస్తువులు ఎన్ని చోట్లకు మాయమవుతాయో నేను చెప్పాలా? వచ్చినవాళ్లను మోసం చేద్దామని కాదు కదా. వాళ్ల మీద గౌరవం కొద్దీ.

ఇక్కడి కర్మాగారంలో లెక్క వేరు. ప్రతి వైరుకూ రెండు చివరలా నంబరు ఉండాలి. ఏది ఎక్కడికి పోతుందో నేను లేనప్పుడు వచ్చినవాడికి నన్ను అడగకుండానే తెలియాలి. చేరిన కొత్తలో ఒక ప్యానెల్‌లో వైర్లన్నీ చక్కగా కట్టకట్టి వెనక్కి తోసేసి, చూడముచ్చటగా ఉందని మురిసిపోయాను. మర్నాడు అదంతా విప్పించి నాచేతే మళ్లీ చేయించారు. అన్యాయమనే అప్పుడు అనుకున్నాను. అర్ధరాత్రి పంపు ఆగిపోయి, ఎవరో కట్టిన ప్యానెల్‌ను నేను విప్పాల్సి వచ్చినప్పుడు ఆ నంబర్లకు దండం పెట్టుకున్నాను, అది వేరే విషయం.

మైస్టర్ మాటకు మాత్రం నేను తేలిగ్గా లొంగదలచుకోలేదు. రెండు వారాలు మనసులో ఆయనతో వాదించాను. అయ్యా, మీ వంటిళ్లలో ఫ్రిజ్ ఎక్కడుందో తెలియాలంటే అలమర తలుపులన్నీ తెరిచి చూడాలి, అది ఎవరి దగ్గర దాస్తున్నట్టు? మీ చర్చిల్లో ఆర్గన్ ముందు వరసలో మెరిసే గొట్టాల్లో కొన్నిచోట్ల అన్నీ పలకవు, కొన్ని అలంకారానికే. ఒకప్పుడు తిత్తులు తొక్కడానికి మనుషులుండేవారు, ఇప్పుడు వెనక ఎక్కడో విద్యుత్ మోటారు గాలి ఊదుతుంది. దాన్ని అబద్ధమని ఎవరూ అనరే? నేను చిన్నప్పుడు విన్న మాండొలిన్ శ్రీనివాస్ వాయిద్యానికి బోలు పొట్టే లేదు, అంతా విద్యుత్తే. మొదట్లో నొసలు చిట్లించిన విద్వాంసులు ఉన్నారంటారు, ఆ గమకం విన్నాక వైరు ఎవరికి గుర్తుంటుంది?

వాదనలో నేనే గెలిచాను. అయితే శ్రీనివాస్ వైరును దాచలేదు. అది గుర్తొచ్చాక గెలుపు చప్పబడింది.

ఈలోగా అనుమతి కాగితం వచ్చింది. ఇక్కడ వీధిలో వాయించడానికి ఊరికో నియమం. మ్యూనిక్‌లో అయితే నడక వీధుల్లో వాయించదలచినవాళ్లు ముందు అక్కడి సిబ్బందికి వాయించి వినిపించాలి, ఆంప్లిఫయర్‌కు చోటు లేదు. మా ఊళ్లో అంత లేదు కానీ కాగితంలో ఒక గడి ఉంది. విద్యుత్ ధ్వనివర్ధకం: ఉంది, లేదు. ఉంటే పాత బజారు చౌకు దొరకదు, స్టేషన్ ఎదుటి చోటు ఇస్తారు, అక్కడ మలుపులో ట్రాములు కీచుమంటాయి. మా సెర్బియా మిత్రుడు కలం తీసి "లేదు" దగ్గర పెట్టాడు. "ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు నా వైపు మెచ్చుకోలుగా చూస్తూ. "నువ్వు అంత బాగా చేశావు."

నాలుగు నెలల్లో నాకు దక్కిన, వెనక ప్రశ్న లేని మొదటి పొగడ్త అదే. అది వింటుంటే ఒళ్లు చల్లబడింది. నేను మర్యాదకు కప్పాననుకున్నది అతని చేతిలో అప్పుడే పనిముట్టయింది. నేను అలా అనుకుని చేయలేదు అని ప్రమాణం చేయగలను. ఆ గడి ముందు నా ప్రమాణం ఎవరికి కావాలి?

"ఉంది" దగ్గర గీత పెట్టాను. కొంత గొడవైంది. కలం విసిరేశాడు, గిటారు అమ్మాయి నవ్వింది, హంగేరీ మిత్రుడు నా వైపు నిలబడ్డాడో నిద్రపోతున్నాడో చెప్పలేను, రాత్రి షిఫ్టు చేసి వచ్చాడు.

మరుసటి శనివారం మైస్టర్‌తో ఏమీ చెప్పకుండా, వెనక పలక మరలు విప్పడం మొదలుపెట్టాను. ఆయన చూసి, లోపలికి వెళ్లి, గీతలు పడకుండా కాగితం అంటించి ఉన్న పారదర్శకమైన ఆక్రిలిక్ పలక ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. పాత పలకను దాని మీద పరిచి, అంచు గీసి, రంపం ఆయనే పట్టారు. ఆ వంపుల్లో రంపం ఎక్కడా తడబడలేదు. పని అయ్యాక డబ్బు సంగతి ఎత్తితే, లోపలికి వేలు చూపించి "వాటికి నంబర్లు వేయండి" అన్నారు. వేశాను. ఒకటి నుంచి ఇరవై రెండు దాకా, రెండు చివరలా.

ఇప్పుడు స్టేషన్ ముందే వాయిస్తున్నారు. ట్రాము కీచుమన్నప్పుడల్లా అకార్డియన్ ఆయన నా వైపు ఒక చూపు విసురుతాడు. పిల్లలైతే ముందు నిలబడటమే లేదు. అందరూ వెనక్కి చేరి, ఆరు సెల్స్ వరసగా కూర్చున్న చోటునూ, స్వరం మోగినప్పుడు వణికే రబ్బరు దిమ్మలనూ, పచ్చగా వెలిగే దీపాన్నీ వేలు పెట్టి లెక్కపెడుతుంటారు. పిల్లల వెనకే తల్లిదండ్రులు. రెండో ఆదివారానికి చిల్లర వేసే టోపీని కూడా తీసి వెనక పెట్టారు.