15 వాట్ల హెడ్, దానికో డబ్బా: నా అనుభవం

మా ఆఫీసులో గిటార్ వాయించే సీనియర్ ఒకాయన కెనడా వెళ్లిపోతూ తన ట్యూబ్ ఆంప్ హెడ్ (స్పీకర్ లేని ఆంప్ పెట్టె) నాకు అమ్మేశాడు. 15 వాట్లది. పవర్ సెక్షన్‌లో రెండు ఈఎల్84 ట్యూబులు, ప్రీఆంప్‌లో ఈసీసీ83లు. దాని క్యాబినెట్‌ను, అంటే స్పీకర్ ఉండే పెట్టెను, అప్పటికే ఇంకెవరో పట్టుకుపోయారు. హెడ్ చేతికిస్తూ ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పింది ఒకటే: "తమ్ముడూ, స్పీకర్ తగిలించకుండా మాత్రం స్విచ్ వేయకు. ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది." దాంతో బెంగళూరు మారతహళ్లిలోని మా అద్దె ఇంట్లో ఆ హెడ్ కొన్నాళ్లు బీరువా మీద ఊరికే కూర్చుంది.

ఆ హెచ్చరిక వెనక కారణం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ట్యూబులు పనిచేసేది వందల వోల్టుల మీద, కరెంటు మాత్రం కొద్దిగానే. స్పీకర్‌కు కావలసింది దీనికి తలకిందులు: తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు. రెండింటి మధ్య రాజీ కుదిర్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. అటు స్పీకర్ లేకపోతే శక్తి పోవడానికి దారి ఉండదు. ఇటు వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకి ట్యూబ్ సాకెట్ దగ్గర నిప్పురవ్వలు రావచ్చు, లేదంటే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల మధ్య ఇన్సులేషన్ దెబ్బతినొచ్చు. ట్రాన్సిస్టర్ ఆంప్‌ల సంగతి వేరు. మామూలుగా వాటికి స్పీకర్ లేకపోయినా ఇబ్బంది లేదు, చెప్పినదానికన్నా తక్కువ ఓమ్స్ (కరెంటుకు అడ్డు) ఉన్న స్పీకర్ తగిలిస్తేనే ప్రమాదం. మనలో చాలామంది మొదలుపెట్టేది వాటితోనే కాబట్టి ఆ అలవాటు ట్యూబ్ ఆంప్ దాకా తెచ్చుకోకూడదు.

నా హెడ్ వెనక స్పీకర్ జాక్‌లు రెండు: ఒకటి 8 ఓమ్స్‌కు, ఇంకోటి 16కు. క్యాబినెట్ 16 అయితే 16లో, 8 అయితే 8లో. రెండింతల తేడా ఉన్నా చాలా ఆంప్‌లు తట్టుకుంటాయని అంటారు. కొన్ని తట్టుకుంటాయి కూడా. కానీ తయారుచేసినవాళ్లు రాయని విషయాన్ని నా డబ్బుతో పరీక్షించడం నాకిష్టం లేదు. చిక్కంతా క్యాబినెట్ వైపే. రెండు 8 ఓమ్స్ స్పీకర్లను ప్యారలల్‌గా కలిపితే 4, సిరీస్‌లో అయితే 16. నాలుగు 16 ఓమ్స్ స్పీకర్లను రెండేసి సిరీస్‌లో కలిపి, ఆ జతలను ప్యారలల్ చేస్తే మళ్లీ 16. బయటి నుంచి చూస్తే అన్నీ నల్ల పెట్టెలే.

మేం ప్రాక్టీస్ చేసే కోరమంగళ జామ్ రూమ్‌లో పన్నెండంగుళాల స్పీకర్లు నాలుగున్న మార్షల్ 1960 క్యాబినెట్ ఉంది. దాని వెనక ఉన్న స్విచ్ మోనోలో ఉంటే ఒక జాక్ 4 ఓమ్స్, ఇంకోటి 16. స్టీరియోలో ఉంటే ఒక్కో వైపు 8. మనకన్నా ముందు వాయించినవాళ్లు స్విచ్‌ను ఎటు వదిలేశారో ఎవరికి తెలుసు? అందుకే గిటార్ బ్యాగులో ఒక మల్టీమీటర్ పడేసుకున్నాను. కేబుల్‌ను క్యాబినెట్‌కు మాత్రమే పెట్టి, రెండో కొసన ఉన్న ప్లగ్ మొనకు ఒక ప్రోబు, మెడకు ఇంకో ప్రోబు ఆనించాలి. 12, 13 చూపిస్తే అది 16 ఓమ్స్ క్యాబినెట్. 6, 7 చూపిస్తే 8. మూడుకు కాస్త అటూ ఇటూ అయితే 4. మీటర్ కొలిచేది లోపలి తీగచుట్ట నిరోధాన్నే కాబట్టి అంకె ఎప్పుడూ తక్కువే వస్తుంది. అది చూసి కంగారుపడక్కర్లేదు.

ఇంతవరకు ఆంప్ కాలిపోకుండా చూసుకోవడమే. టోన్ సంగతి మొదలయ్యేది ఇక్కడి నుంచి. స్పీకర్ మీద రాసిన 16 అనేది పేరుకు మాత్రమే. నేను చూసిన పన్నెండంగుళాల గిటార్ స్పీకర్లలో చాలావాటికి 75 హెర్ట్జ్ దగ్గర ఇంపిడెన్స్ (ఓమ్స్‌లో చెప్పే ఆ అడ్డు) ఆ 16కు ఎన్నో రెట్లు పెరుగుతుంది. తర్వాత దిగివచ్చి, ట్రెబుల్ వైపు మళ్లీ ఎక్కుతుంది. ట్రాన్సిస్టర్ ఆంప్ దీన్ని పెద్దగా లెక్కచేయదు. ట్యూబ్ ఆంప్ మాత్రం ఇంపిడెన్స్ పెరిగిన చోటల్లా వోల్టేజీ కూడా పెంచేస్తుంది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్, అంటే ఆ గుట్ట పక్కనే. పైగా స్పీకర్‌ను మూసిన పెట్టెలో పెడితే ఆ గుట్ట ఇంకాస్త ఎక్కువ హెర్ట్జ్ వైపు జరుగుతుంది. అందుకే ఒకే హెడ్, ఒకే గిటార్, ఒకే సెట్టింగ్ అయినా క్యాబినెట్ మారిస్తే వేరే ఆంప్‌లా వినిపిస్తుంది. పెడళ్ల (శబ్దం మార్చే చిన్న పెట్టెల) మీద వేలకు వేలు పోసేవాళ్లను చూస్తే నాకు చిరాకు వచ్చేది దీనివల్లే.

ఈలోగా మా బేసిస్ట్ "ట్యూబులు మార్చరా, టోనే మారిపోద్ది" అని ఒకటే పోరు. ఎస్పీ రోడ్డులో వెతికితే బీఈఎల్ ముద్ర ఉన్న పాత ఈసీసీ83 ఒకటి దొరికింది. జాలహళ్లిలోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1960లలో రేడియోల కోసం తయారుచేసిన వాల్వుల (ట్యూబులకే ఇంకో పేరు) వరుసలోది. మన ఊరి సరుకని ముచ్చటపడి కొన్నాను. మొదటి సాకెట్‌లో పెట్టి చూస్తే తేడా ఉంది, కాదనను. కాకపోతే చెవులు రిక్కించి వినాలి. అదే స్పీకర్ మారిస్తే వంటింట్లో ఉన్న మా ఆవిడకు కూడా తెలిసింది.

స్పీకర్ కొనేముందు హెడ్‌ను మోసుకుని తిరిగాను. జామ్ రూమ్‌లోని మార్షల్ వెనక భాగం పూర్తిగా మూసి ఉంటుంది కాబట్టి లావు తీగలు గట్టిగా, గుండె మీద కొట్టినట్టు వస్తాయి. కానీ శబ్దమంతా తిన్నగా ముందుకే పోతుంది. ఎదురుగా నిలబడినవాడికి ట్రెబుల్ గుచ్చుకుంటుంది, పక్కనున్నవాడికి ఏమీ తెలియదు. బేసిస్ట్ వాళ్ల బావ దగ్గర వెనక తెరిచి ఉన్న చిన్న క్యాబినెట్, అందులో వింటేజ్ 30 అనే స్పీకర్ ఒకటి ఉన్నాయి. క్లీన్‌గా వాయిస్తే గది నిండా పరుచుకుంది. డిస్టార్షన్ పెంచగానే పై మిడ్స్ (ట్రెబుల్‌కు కాస్త కింది స్వరాలు) ముందుకు తోసుకొచ్చాయి. డ్రమ్స్ మధ్య బ్యాండ్‌లో అది వరమే. పడకగదిలో మాత్రం తలనొప్పి.

స్పీకర్ ఎంచుకోవడానికి నేను ముఖ్యంగా చూసుకున్న అంకెలు రెండు. మొదటిది వాట్లు. హెడ్ మీద 15 అని రాసేది శుభ్రమైన శబ్దానికి. నాబ్ చివరిదాకా తిప్పి డిస్టార్షన్‌లోకి నెడితే అంతకన్నా ఎక్కువే బయటికొస్తుంది. కాబట్టి స్పీకర్ కనీసం రెండింతలైనా ఉండాలనేది నా పట్టుదల. సెలెస్టియన్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ స్పీకర్ నాకు చాలా ఇష్టం, కానీ అది 25 వాట్లే. రెండో అంకె సెన్సిటివిటీ. ఒక్క వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ అన్నది. గ్రీన్‌బ్యాక్ 98, వింటేజ్ 30 అయితే 100, అదే కంపెనీ 65 వాట్ల క్రీమ్‌బ్యాక్ 97. మూడు డెసిబెల్స్ అంటే ఆంప్ పవర్‌ను సగం చేసినంత తేడా. అందరూ ఎక్కువ డెసిబెల్స్ వెతుక్కుంటారు. ఫ్లాట్‌లో ఉండేవాడు తక్కువ వెతుక్కోవాలి. క్రీమ్‌బ్యాక్‌తో కూడా 15 వాట్లు పూర్తిగా ఇస్తే లెక్క ప్రకారం దాదాపు 109 డెసిబెల్స్. చిన్న ఆంప్ అని పేరే గానీ ఎవరి చెవులకైనా చాలు.

అలా 65 వాట్ల క్రీమ్‌బ్యాక్ తీసుకున్నాను, అదీ 16 ఓమ్స్‌ది. షాపులో 8 తీసుకోమన్నారు. కానీ 16 అయితే రేపు ఇలాంటిదే ఇంకో క్యాబినెట్ ప్యారలల్‌గా కలిపితే 8 అవుతుంది, నా హెడ్‌కు ఆ జాక్ ఉంది. 8 తీసుకుంటే రెండు కలిసి 4 అవుతాయి, ఆ జాక్ నాకు లేదు.

పెట్టె చేయించడం ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన పని. మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఔట్‌లో 18 మిల్లీమీటర్ల బర్చ్ ప్లై కొని, మా వీధిలో పనిచేసే మదనపల్లె ఆచారి దగ్గరికి తీసుకెళ్లాను. బొమ్మ చూసి "ఏంది సార్, కోళ్ల గూడా ఇది?" అన్నాడు. స్పీకర్‌కు అంటే, "ఎనకాల తలుపు తీసేటట్టు అడగతాండారు, గూడే కదా" అని నవ్వాడు. వెడల్పు 20 అంగుళాలు, ఎత్తు 18, లోతు 11. ముందు పలకకు 283 మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లు. కాంపస్ అడిగితే వెతకనేలేదు. చెక్క పట్టీకి ఒక కొసన మేకు కొట్టి, 141న్నర దగ్గర పెన్సిల్ దూర్చి చుట్టూ తిప్పేశాడు. జిగ్‌సాతో కోసి, స్పీకర్ పెట్టి చూస్తే అచ్చంగా కూర్చుంది. కీళ్లకు ఫెవికాల్, స్క్రూలు రెండూ వేయించాను. ఎక్కడ వదులున్నా లావు తీగ మీటగానే గరగరమంటుంది. వెనక పలక మూడు ముక్కలు. పైదీ కిందదీ బిగించేశాం, మధ్యది స్క్రూలు తీస్తే ఊడొస్తుంది. తీస్తే సగం తెరిచిన క్యాబినెట్, పెడితే మూసినది. రెక్సిన్ జేసీ రోడ్డులో కార్ల సీటు కవర్లు కుట్టేవాళ్ల దగ్గర దొరికింది.

వైరింగ్‌లో పెద్ద పనేం లేదు. ఒక్క విషయం మాత్రం సరిచూశాను. 1.5 వోల్టుల పెన్ బ్యాటరీని స్పీకర్ కేబుల్ కొసకు క్షణంపాటు తాకించాలి. పాజిటివ్ మొనకు, నెగటివ్ మెడకు ఆనిస్తే కోను ముందుకు కదలాలి. వెనక్కి పోతే తీగలు తారుమారైనట్టు. ఒక్క స్పీకర్‌కు దీనివల్ల వచ్చే నష్టం లేదు. రెండోది కలిపిన రోజున ఒకటి ముందుకు, ఇంకోటి వెనక్కి కదిలితే బేస్ మాయమైపోతుంది.

కేబుల్ దగ్గర మాత్రం ఒళ్లు మండింది. ఒక షాపువాడు స్పీకర్ కేబుల్ అని అమ్మినదాని ప్లగ్ మూత తిప్పి చూస్తే లోపల వెంట్రుకంత సన్నటి తీగ, దాని చుట్టూ రాగి అల్లిక. అది గిటార్‌కు వాడే కేబుల్. అంత సన్నటి తీగలో స్పీకర్ కరెంటు పంపితే వేడెక్కుతుంది, అది తెగినా కరిగి కలిసిపోయినా దెబ్బ పడేది ట్రాన్స్‌ఫార్మర్‌కే. వెనక్కి తీసుకోనన్నాడు. ఎస్పీ రోడ్డులోనే ఇంకో చోట 1.5 స్క్వేర్ రెండు కోర్ల వైరు మీటరు, రెండు పీ38 (పావు అంగుళం) మోనో ప్లగ్గులు తీసుకుని నేనే సోల్డరింగ్ చేసుకున్నాను.

ఇంట్లో మొదట క్యాబినెట్ నేల మీదే పెట్టాను. కింది అంతస్తులో ఉండే ఓనర్ ఆంటీ పైకొచ్చి, కన్నడంలో చాలా మర్యాదగా, వాళ్ల షోకేసు అద్దాలు అదురుతున్నాయని చెప్పింది. ప్లాస్టిక్ కుర్చీ మీద దుప్పటి మడిచి దానిమీద పెట్టాక అదురు తగ్గింది. స్పీకర్ చెవుల ఎత్తుకు రావడంతో ట్రెబుల్ కూడా ఉన్నదున్నట్టు వినిపించి, నాబ్‌ను కాస్త తగ్గించాల్సి వచ్చింది. వెనక ముక్క తీసి వాయించేటప్పుడు గోడకు రెండడుగులు ఎడం ఉంచుతాను. మరీ ఆనిస్తే బేస్ ముద్దగా అయిపోతుంది. జామ్ రూమ్‌కు తీసుకెళ్లేటప్పుడు ఆ ముక్క బిగించేస్తాను.

రాత్రిళ్లు వాయించడానికి ఒక అటెన్యుయేటర్ (స్పీకర్‌కు వెళ్లే పవర్ తగ్గించే పెట్టె) చూస్తున్నాను. హెడ్‌కూ స్పీకర్‌కూ మధ్య పెట్టేది కాబట్టి దానికీ ఓమ్స్ ఉంటాయి, అది తట్టుకునే వాట్లూ ఉంటాయి. దొరుకుతున్నవాటిలో ఎక్కువ 8 ఓమ్స్‌వే. 16ది కనబడితే తీసుకుంటాను, ఈలోగా తొమ్మిది దాటితే హెడ్ ఆఫ్.