నేలపాలు

"పాలు నేలపాలయ్యాయి" అని నేను అనగానే, పొయ్యిగట్టు తుడుస్తున్న మా అమ్మాయి చేతిలో గుడ్డ ఆపి, "పాలంటే పాలే కదమ్మా, మళ్ళీ ఈ నేలపాలేమిటి?" అని అడిగింది. అర లీటరు పాలలో గిన్నె అడుగున మిగిలినవి ఒక్క కాఫీకి సరిపడేన్ని మాత్రమే.

ఆ రెండో పాలు వాటా అని చెప్పాను. నేలపాలైనది నేల వాటాకు పోయినది. అప్పులపాలైనవాడు అప్పుల వాటాకు పోయినవాడు. తెలంగాణలో దాయాదులను పాలోళ్ళు అనడమూ ఈ వాటాను బట్టే. తాగే పాలు ఎప్పుడూ బహువచనమే కనుక పొంగాయి, విరిగాయి అంటాము గాని పొంగింది, విరిగింది అనము. వాటా అయిన పాలు మాత్రం ఏకవచనం. అది రెండైతే పాళ్ళు అవుతుంది.

క్షీరమన్నా దుగ్ధమన్నా నిఘంటువులో పాలే గాని, కాఫీలో కాస్త క్షీరం పొయ్యమని ఎవరూ అడగరు. ఆ మాట సముద్రానికీ అభిషేకానికీ చెల్లింది. ఇక మనం దుగ్ధ అంటే కడుపులోని ఆరాటమో, అసూయో. పయస్సు మరీ గడుసుది. సంస్కృతంలో పాలకూ నీళ్ళకూ అదే మాట. మా చిన్ననాటి పాలవాడికి ఈ సంగతి ఎవరు చెప్పారో గాని, రోజూ ఆచరించి చూపేవాడు.

అంతా విని అమ్మాయి గిన్నెలోకి తొంగిచూసి, "అయితే ఈ మిగిలిన పాలు నా పాలా, నీ పాలా?" అంది.

ఏం చెప్పాలో నాకు పాలుపోలేదు.