గోల్కొండకు నేను పంపిన క్షిపణి

1989లో వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచేసరికి మన పదో తరగతిలో అందరి నోటా అగ్ని క్షిపణి మాటే. మే 22న చాందీపూర్ నుంచి అగ్ని ఎగిరింది. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి పృథ్వి. ఆ రెండింటినీ తయారుచేసిన చోటు మన ఊళ్లోనే, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ఉంది. మన క్లాసులో నలుగురైదుగురి నాన్నలు ఆ గోడల లోపలే పనిచేసేవారు. ఇంట్లో మాత్రం పన్నెత్తి ఒక్క మాట చెప్పేవారు కాదు. అయినా ఆ పిల్లల చుట్టూ మనం ఎలా మూగేవాళ్లమో మన బ్యాచ్‌లో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది.

ఆ రోజుల్లోనే సోషల్ సారు గోడపత్రికకు ఒక అంశం ఇచ్చారు. ఇప్పటి ఆయుధాలు పాత యుద్ధంలో ఉంటే ఏమయ్యేది? కొందరు పానిపట్టు తీసుకున్నారు. ఒకరు తళ్లికోట, ఒకరు పల్నాడు. నేను 1687లో ఔరంగజేబు చేసిన గోల్కొండ ముట్టడి తీసుకున్నాను. మా నానమ్మకు గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషా అంటే ఇష్టం. రామలక్ష్మణులు స్వయంగా వచ్చి రామదాసు బాకీ చెల్లించింది ఆయనకే కదా అనేది. దేవుణ్ణి కళ్లారా చూసిన సుల్తాను ఔరంగజేబుకు చిక్కి, దౌలతాబాద్ కోటలో ఖైదీగా ఉండిపోయాడంటే నాకు కడుపు మండిపోయేది.

ఆరు పేజీలు రాశాను. కోట కొసనున్న బాలాహిసార్ మీద రాడార్ పెట్టాను. పైన ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహం తిరుగుతూ మొఘల్ డేరాల ఫొటోలు పంపుతుంది. తానీషా బటన్ నొక్కుతాడు, పృథ్వి లేస్తుంది, మధ్యాహ్నానికల్లా ముట్టడి అయిపోతుంది. స్కెచ్ పెన్నులతో మ్యాపు గీసి, క్షిపణి పడిన చోట ఎర్ర చుక్క పెట్టాను.

సారు దాన్ని గోడకు అంటించలేదు. స్టాఫ్ రూముకు పిలిచి, పక్కనే ఉన్న సైన్స్ టీచర్ చేతికిచ్చారు. ఆవిడ పెన్సిల్ తీసుకుని లెక్కలు వేశారు. ఐఆర్ఎస్ కెమెరాల్లో మంచిదానికి కూడా ఫొటోలో ఒక్క చుక్క అంటే నేల మీద 36 మీటర్లు. మనిషి కాదు కదా, ఏనుగు కూడా కనబడదు. పైగా అది అదే చోటి మీదకు మళ్లీ రావడానికి 22 రోజులు పడుతుంది. ఎనిమిది నెలల ముట్టడిలో మొత్తం పదకొండు ఫొటోలు, అందులో వానాకాలంవన్నీ మబ్బులే. ఇక పృథ్వి 150 కిలోమీటర్లు పోయే క్షిపణి. "కందకం అంచున కూసున్నోని మీద అది ఎట్ల ఏస్తవ్‌రా?" అని సారు అడిగారు. ఎగతాళిగా కాదు, నిజంగా నా జవాబు కోసమే అడిగారు. నేను నోరు విప్పలేదు.

వచ్చే ఆదివారం కోటకు పోదాం, రమ్మన్నారు. పద్నాలుగు మందిమి వెళ్లాం. చార్మినార్ దగ్గర బస్సు మారి, మెహదీపట్నం, లంగర్‌హౌజ్ మీదుగా. టికెట్ డబ్బులు సారే పెట్టుకున్నారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ రోజు విన్నదేదీ నేను మర్చిపోలేదు. ఫతే దర్వాజా తలుపులకున్న ఇనుప ములుకులు చూపించి, ఏనుగులు వచ్చి గుద్దకుండా పెట్టారని చెప్పారు. లోపలి ద్వారం గుమ్మటం కింద ఒకడిని నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. మిగతావాళ్లం 300కు పైగా మెట్లెక్కి ఆయాసపడుతుంటే ఆ చప్పుడు పైకి వినబడింది. "ఇదిరా వీళ్ల వైర్‌లెస్సు" అన్నారు.

తర్వాత చెప్పారు కుక్క సంగతి. మే నెలలో ఒక రాత్రి మొఘల్ సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు నిచ్చెనలు వేసుకుని గోడ ఎక్కారు. కావలివాళ్లు నిద్రలో ఉన్నారు. ఒక కుక్క మొరిగింది. కోట లేచింది, ఎక్కినవాళ్లు కింద పడ్డారు. తానీషా ఆ కుక్క మెడకు బంగారు గొలుసు వేయించి, ఒంటికి జరీ వస్త్రం కప్పించాడని మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. నా రాడార్ పని అంతకు ముందే ఎవరో చేసేశారన్నమాట.

జూన్‌లో మొఘలులు బురుజుల కిందకు సొరంగాలు తవ్వి తుపాకిమందు కూరారు. కోటవాళ్లు లోపలి నుంచి ఎదురు తవ్వి కొంత మందు తీసేసి నీళ్లు పోశారు. మొఘలులు నిప్పంటిస్తే పేలుడు వాళ్ల వైపే తన్నింది. ఔరంగజేబు నమాజుకు ముందులా కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసి, కందకం పూడ్చడానికి మొదటి గుడ్డసంచిని తన చేతులతో కుట్టాడు. వానలకు మట్టిదిబ్బలు కరిగిపోయాయి. మొఘలుల వైపున్న, నిజాముల మూలపురుషుడు కిలిచ్ ఖాన్‌కు ఫిరంగి గుండు తగిలి చెయ్యి పోయింది. ఆ గాయంతోనే ఆయన చనిపోయాడు. మన ఊరి పక్కన కిస్మత్‌పూర్‌లో సమాధి ఉంది. కోటలో తిండికి, మందుగుండుకు కొదవ లేదు. ఆకలి బయటివాళ్లది.

కోట పైనున్న మండపం, బారాదరి మీద కూర్చున్నాక సారు నా కాగితాలు తీశారు. "మంచిగ రాసినవ్. గానీ ఈ బటన్ ఎవని చేతుల పెడ్తవ్?"

తానీషా నొక్కుతాడన్నాను. రాజు ప్రతి బురుజు మీదా కూర్చోడు కదా, సేనాపతి చేతికే పోతుంది అన్నారు. అలాగైతే తానీషా సేనాని అబ్దుర్ రజాక్ లారీకి ఇస్తానన్నాను. ఔరంగజేబు ఎంత ఆశ చూపినా లొంగనివాడు, చివరి రాత్రి ఒళ్లంతా గాయాలతో పోరాడినవాడు. అంతకంటే మంచి జవాబు ఉండదనుకున్నాను.

"లారీ అసొంటోడని ఎప్పుడు తెలిసింది? ఆఖరుకు గదా. 1685ల తానీషాను అడిగితే మీర్ ఇబ్రహీంకే ఇస్తననేటోడు."

మీర్ ఇబ్రహీం గోల్కొండ సర్వసేనాని. ఆ ఏడాదే మొఘలుల వైపు చేరిపోయాడు. ఊరు దోపిడీ పాలైంది, తానీషా కోటలోకి పరుగెత్తాడు. తర్వాత 1687 సెప్టెంబరులో మొఘలులకు కోట చిన్న తలుపు తీసిన అబ్దుల్లా ఖాన్ పన్నీ కూడా తానీషా జీతం తిన్నవాడే. కోటలో నా పృథ్వి ఉంటే, ఆ రాత్రి తలుపుతో పాటు అదీ చేతులు మారేది. అప్పుడు ఎవరి మీద పడేది? పదిహేనేళ్లవాణ్ణి, నా కళ్ల ముందే నా క్షిపణి వెనక్కి తిరిగింది.

సారు అక్కడితో ఆగలేదు. తూర్పు వైపు చెయ్యి చాపి, "అది కార్వాన్. అవతల ఊరు. కరువుల జనం పిట్టల్లెక్క రాలిపోయిన్రు. నీ ఆరు పేజీలల్ల ఆ మంది ఏడ ఉన్నరు?" అన్నారు. ఎక్కడా లేరు. డేరాలు లెక్కపెట్టాను, ఫిరంగులు లెక్కపెట్టాను. ఊరిని మ్యాపులో ఖాళీగా వదిలేశాను.

వారం రోజులు తంటాలు పడి మళ్లీ రాశాను. ఈసారి రాత్రి దూరదర్శన్ వార్తల్లో చూపించే మబ్బుల ఫొటో, బియ్యం బస్తాలు దించే విమానం మాత్రమే పంపాను. అది గోడ మీదకెక్కింది. కథగా చూస్తే మొదటిదే బాగుంది, ఆ మాట ఇప్పటికీ అంటాను.

తర్వాత ఎలక్ట్రానిక్స్ చదివాను. ఇప్పుడు నా ఉద్యోగం చీకట్లో ఒంటి వేడిని బట్టి మనిషిని పట్టే థర్మల్ కెమెరాలను పరీక్షించడం. ఫిరోజ్ జంగ్ మనుషులు గోడ ఎక్కిన రాత్రి అలాంటిది ఒకటి బురుజు మీద ఉంటే నిచ్చెన మొదటి మెట్టు దగ్గరే దొరికేవారు. కానీ జోరువానలో, పొగమంచులో దాని చూపు బాగా తగ్గిపోతుంది. చిన్న డ్రోన్ అయితే ఆ గాలివానలో ఎగరడమే కష్టం. ఆ నెలల్లో కుక్క చెవులనే నమ్మాలి. ప్రతి కొత్త కెమెరా బల్ల మీదకు వచ్చినప్పుడు ఆ కుక్క గుర్తొస్తుంది. ఇది ఎవరి చేతికి పోతుందో అన్న ప్రశ్నా వస్తుంది. పరీక్ష కాగితాల్లో దానికి గడి ఉండదు. ఆ ప్రశ్నతో టెన్షన్ పడిన రాత్రులు ఉన్నాయి, సారుతో చెప్పుకుందామంటే ఆయన ఇప్పుడు లేరు.

పోయిన డిసెంబరులో మన బ్యాచ్‌లో ఆరుగురం కోటకు వెళ్లాం. ఒకడు కింద గుమ్మటం దగ్గర ఆగి చప్పట్లు కొట్టాడు, పైన మాకు వినబడింది. నేను పాత మ్యాపు తీసుకెళ్లాను. మడతల దగ్గర చిరిగింది కానీ రంగులు నిలిచాయి. బారాదరి గోడ మీద పరిచి, ఎర్ర చుక్క పెట్టిన చోటు ఎక్కడొస్తుందో వేలితో వెతికాను. లంగర్‌హౌజ్ ఇళ్ల మధ్యలో వచ్చింది. డాబాల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి.